ప్రతి ఉదయం కొన్ని కట్టెలు

నా బైబిల్లోని ఎర్ర రిబ్బను చాలా ఏళ్లపాటు లేవీయకాండం మొదటి పుటల దగ్గరే ఉండిపోయింది. జనవరి ఒకటో తేదీన ఆదికాండం మొదటి అధ్యాయంతో ఎంతో దీక్షగా మొదలుపెట్టేవాడిని. వారంలో రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు చదివితే 66 గ్రంథాల్లోని 1,189 అధ్యాయాలూ ఏడాది తిరిగేసరికి పూర్తవుతాయన్న లెక్క నాకు కంఠతా వచ్చు. ఆదికాండంలో 50, నిర్గమకాండంలో 40 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి జనవరి నెలాఖరుకు లేవీయకాండం చేరుకునేవాడిని. అక్కడ బలుల విధులు, కొవ్వు, మూత్రగ్రంథులు, రక్తప్రోక్షణం మొదలయ్యేసరికి నా ఉత్సాహం సన్నగిల్లేది. ఒకరోజు తప్పేది. తప్పిన మూడు అధ్యాయాలు మరునాటి మూడింటితో కలిసి ఆరయ్యేవి, ఆరు తొమ్మిదయ్యేవి, చివరికి ఆ బాకీని చూసి భయపడి పుస్తకం తెరవడమే మానేసేవాడిని.

దానితోపాటు ఒక ప్రార్థన నోటుబుక్కు కూడా ఉండేది. ఈ మధ్య దాన్ని మళ్లీ తీసి చూశాను. మొదటి పది పుటల్లో అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి. ఎవరెవరి కోసం ప్రార్థించానో, ఏ వచనం నా మనసును పట్టుకుందో అన్నీ రాసి ఉన్నాయి. పదకొండో పుటలో తేదీ మాత్రమే ఉంది. ఆ తర్వాతి పుట ఏప్రిల్ నెలది, అందులో ఒకే ఒక్క వాక్యం: "ప్రభువా, క్షమించు, ఈ రోజు నుంచి మళ్లీ మొదలుపెడతాను." పుట తిప్పితే జూలై తేదీ వేసి ఇంచుమించు అదే వాక్యం మళ్లీ కనిపించింది. ఆ రెండు పుటల మధ్య గడిచిన మూడు నెలల్లో నేను దేవుణ్ణి నమ్మడం మానలేదు, ఆదివారం ఆరాధనకు వెళ్లడమూ మానలేదు. అయినా ఆ మూడు నెలలూ నా విశ్వాసం నా దినచర్యలో ఎక్కడా కాలు మోపలేదు.

ఆరంభశూరత్వం అని మన భాషలో ఒక మాట ఉంది. అది ప్రార్థన దగ్గరే ఆగదని నాకు అనుభవమే నేర్పింది. ఒక విషయంలో నిలకడ లేనివాడికి మరో విషయంలో అది దానంతట అది రాదు. కష్టంలో ఉన్నవారితో "మీ కోసం ప్రార్థన చేస్తాను" అని మాట ఇచ్చి, వాకిలి దాటేలోగా మరిచిపోయిన సందర్భాలు నా జీవితంలో చాలా ఉన్నాయి. ఉదయం ఓర్పు గురించి చదివి, సాయంత్రం ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్న రోజులూ ఉన్నాయి. నిలకడ అనేది కొందరికి పుట్టుకతో వచ్చే స్వభావమనీ, నాకు అది దక్కలేదనీ అనుకునేవాడిని. విశ్వాసమంటే మనసు కరిగిన ఘడియల్లో కలిగే తీవ్రమైన భావమని కూడా అనుకునేవాడిని. ఈ రెండు అభిప్రాయాలూ తప్పని నాకు తెలిసింది ఒక చేతి వల్ల.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక ఎడమచేతి వేళ్లు ముడుచుకుని గుప్పిటగా బిగిసిపోసాగాయి. ఉదయమూ సాయంత్రమూ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా నెమ్మదిగా తెరిచి, కాసేపు చాపి పట్టుకుని, తిరిగి వదలాలని ఫిజియోథెరపిస్టు నాకు నేర్పారు. మొదటి వారం ఒక్కో పూట గంటసేపు కూర్చున్నాను. రెండో వారంలో పని ఒత్తిడి పెరిగిందన్న కారణంతో వరుసగా నాలుగు రోజులు మానేశాను. ఐదో రోజున ఆ నాలుగు రోజుల బాకీ కూడా తీర్చేయాలన్న తొందరలో వేళ్లను బలంగా లాగాను. నాన్నగారు నొప్పితో కళ్లు మూసుకున్నారు గాని చెయ్యి వెనక్కు తీసుకోలేదు. ఆ తర్వాత చెయ్యి చూసిన ఫిజియోథెరపిస్టు నన్ను కోప్పడలేదు. ఒక పూట గంటసేపు చేయడం కన్నా ప్రతి పూటా పది నిమిషాలు చేయడమే ఈ చేతికి కావాలనీ, ఇందులో బాకీ తీర్చడం అనేది ఉండదనీ, కూర్చున్న రోజున ఆ రోజుది చేస్తే చాలనీ చెప్పారు.

ఆ రాత్రి అమ్మ చెప్పిన మాట మరింత లోతుగా దిగింది. "నువ్వు రాని నాలుగు రోజులూ ఆ వేళకు మీ నాన్న చెయ్యి దిండు మీద పెట్టుకుని తలుపు వైపు చూసేవారురా" అంది. అందులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది అంతే. నేను రాకపోయినా ఆ చెయ్యి ఆ వేళకు సిద్ధంగా ఉంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. లేచి బైబిలు తీసి, రిబ్బను ఉన్నచోటే తెరిచి చదవడం మొదలుపెట్టాను.

నేను ప్రతి ఏడూ ఆగిపోయిన చోటికి మరో రెండు రోజుల దూరంలో, లేవీయకాండం ఆరో అధ్యాయంలో, బలిపీఠం మీది అగ్నిని గురించిన విధి ఉంది. దహనబలి ద్రవ్యం రాత్రంతా పీఠం మీద కాలుతూ ఉండాలి. ఉదయాన యాజకుడు సన్ననార బట్టలు ధరించి, ఆ బూడిదను ఎత్తి పీఠం పక్కన పోయాలి. ఆ తర్వాత బట్టలు మార్చుకుని ఆ బూడిదను పాళెం, అంటే ప్రజల గుడారాల విడిది, వెలుపలికి తీసుకుపోవాలి. ప్రతి ఉదయమూ పీఠం మీద కట్టెలు వేయాలి. అగ్ని నిత్యం మండుతూ ఉండాలని చెబుతూ "అది ఆరిపోకూడదు" అన్న మాటను ఆ కొద్ది వచనాల్లోనే దేవుడు మళ్లీ మళ్లీ అంటాడు. ఇక మూడు అధ్యాయాల తర్వాత, తొమ్మిదో అధ్యాయం చివరి వచనంలో, యెహోవా సన్నిధి నుంచి అగ్ని బయలువెళ్లి పీఠం మీది బలిని దహిస్తుంది, ప్రజలంతా ఉత్సాహధ్వని చేసి సాగిలపడతారు.

ఈ రెండు భాగాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా ఇన్నేళ్ల పొరపాటు ఏమిటో అర్థమైంది. అగ్ని దేవుని దగ్గర నుంచి వచ్చింది, దాన్ని ఏ యాజకుడూ పుట్టించలేదు. అయితే దేవుడు పంపిన అగ్ని కాబట్టి దానంతట అదే మండుతుందని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు, ప్రతి ఉదయం ఎవరో ఒకరు కట్టెలు మోసుకురావలసిందే. నేను మాత్రం ప్రతి జనవరిలో అగ్నిని నేనే పుట్టించాలని ప్రయాసపడి, ఫిబ్రవరిలో కట్టెలు వేయడం మానేసి, మంట ఎందుకు ఆరిపోయిందని దేవుణ్ణి అడుగుతూ వచ్చాను. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో, మిగిలిన వారందరికంటే తానే ఎక్కువగా ప్రయాసపడ్డానని చెప్పి, మరుక్షణమే, ప్రయాసపడింది తాను కాదనీ తనకు తోడై ఉన్న దేవుని కృపయే అనీ అంటాడు. ఆ వచనంలోని రెండు సగాలూ ఒకదానికొకటి విరుద్ధమని ఒకప్పుడు అనుకునేవాడిని. కట్టెలు మోసే పనిలోకి దిగాక ఆ విరోధం నాకు కనిపించలేదు.

బూడిద సంగతి ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. కొత్త కట్టెలు వేయడానికి ముందు నిన్నటి బూడిదను తీయాలి. నిన్న మండినదీ ఈరోజుకు బూడిదే అవుతుంది. నిన్న బాగా ప్రార్థించానన్న సంతృప్తి, నిన్న అసలు ప్రార్థించలేదన్న నేరభావం, రెండూ ఈ ఉదయానికి బూడిదే. నేను చాలాకాలం తప్పిన రోజుల బూడిదను పీఠం మీదే పోగుచేసుకుని, దాని మీద కట్టెలు పేర్చాలని చూశాను. ఆ బూడిదను పాళెం వెలుపలికి మోసుకుపోవడానికి బట్టలు మార్చుకోవాలని ధర్మశాస్త్రం చెప్పింది గాని, యాజకుడి హోదాకు అది తగని పని అని చెప్పలేదు. బలి అర్పించే చేతులే బూడిదనూ ఎత్తాలి. ఉదయం లేచి నిన్న ఎక్కడ తప్పానో పేరు పెట్టి ఒప్పుకుని, అక్కడితో దాన్ని వదిలిపెట్టడం ఇప్పుడు నా ప్రార్థనలో మొదటి పని. దానికి రెండు నిమిషాలకు మించి పట్టదు. విలాపవాక్యముల గ్రంథం మూడో అధ్యాయంలో "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అన్న మాట రాసినవాడు సుఖంగా కూర్చుని రాయలేదు, కూలిపోయిన పట్టణాన్ని చూసి ఏడుస్తూ రాశాడు. శిథిలాల మధ్య నిలబడి ఆ మాట అనగలిగినవాడి ముందు, నా నోటుబుక్కులోని ఖాళీ పుటలు దేవుని వాత్సల్యతకు అడ్డమవుతాయని నేనెలా అనగలను?

తప్పిపోయినవాడికి తిరిగి వచ్చే దారి తెరిచి ఉంచడం నిలకడను సడలించడమేమో అని కొందరు అనవచ్చు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠవాసుల కోసం రాసిన నియమావళి ఈ విషయంలో నాకు ఎంతో ధైర్యమిచ్చింది. అది 73 అధ్యాయాలున్న కఠినమైన దినచర్య. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలనూ వారంలోగా తప్పనిసరిగా పాడి ముగించాలని అందులో ఉంది. అంత కచ్చితమైన మనిషి, రాత్రి ప్రార్థన ఆరంభంలో వచ్చే కీర్తనను, అంటే మన బైబిల్లోని 95వ కీర్తనను, బాగా నెమ్మదిగా, సాగదీసి పాడమన్నాడు. ఆలస్యంగా నిద్ర లేచిన సహోదరులు అది ముగిసేలోగా వచ్చి చేరుకోవాలన్నదే ఆయన ఉద్దేశం. అప్పటికీ రాలేకపోయినవారిని బయట నిలబెట్టవద్దని కూడా రాశాడు. బయటే ఉంటే వెళ్లి మళ్లీ పడుకుంటారు, లేదా కూర్చుని కబుర్లలో పడతారు, కాబట్టి లోపలికి రానిచ్చి వేరుగా నిలబడమనాలి, అప్పుడు ప్రార్థన మొత్తాన్నీ పోగొట్టుకోకుండా ఉంటారని ఆయన భావం. ఇంత కరుణ నిండిన క్రమశిక్షణను నేను మరెక్కడా చూడలేదు. పదిహేడో శతాబ్దంలో పారిస్ కర్మెలీయుల మఠంలో వంటశాల పనిచేస్తూ జీవించి 1691లో కన్నుమూసిన బ్రదర్ లారెన్స్ కూడా ఇదే దారిలో నడిచాడు. పనిలో పడి దేవుణ్ణి మరిచిపోయానని గ్రహించినప్పుడల్లా, ఆ తప్పును దేవుని ముందు ఒప్పుకుని, దాని గురించి మథనపడుతూ మరింత సమయం పోగొట్టుకోకుండా వెంటనే ఆయన వైపు తిరిగేవాడు.

సువార్తల్లో ఈ విషయానికి సంబంధించి నాకు అన్నిటికన్నా ప్రియమైన మాట "తన వాడుక చొప్పున" అన్నది. లూకా సువార్త నాలుగో అధ్యాయంలో యేసు విశ్రాంతిదినాన తన వాడుక చొప్పున సమాజమందిరానికి వెళ్లాడు. ఇరవై రెండో అధ్యాయంలో, సిలువకు ముందటి రాత్రి, తన వాడుక చొప్పున ఒలీవలకొండకు వెళ్లాడు. దేవుని కుమారుడికి కూడా ఒక వాడుక ఉంది, ఒక స్థలం ఉంది. యోహాను దీనికి మరొక వివరం చేరుస్తాడు: యేసు శిష్యులతో తరచు అక్కడికి వెళ్లేవాడు కాబట్టి ఆయనను అప్పగించే యూదాకూ ఆ చోటు తెలుసు. ఈ వచనం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. శత్రువు సైతం ఎక్కడ వెతకాలో తెలుసుకోగలిగేంత నిలకడగా ఆయన ప్రార్థించాడు. ఆ రాత్రి చోటు మార్చుకుని ఉంటే తప్పించుకునేవాడు, అయినా మార్చుకోలేదు. దానియేలూ అంతే. ముప్పై దినాలు రాజుకు తప్ప మరే దేవునికీ మనవి చేయకూడదన్న శాసనం మీద సంతకమైందని తెలిశాక ఇంటికి వెళ్లి, యథాప్రకారంగా అనుదినం ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించాడు. ఆ కథలో సింహాల గుహను మనం బాగా గుర్తుపెట్టుకుంటాం, కాని "యథాప్రకారముగా" అన్న మాటను దాటి వెళ్లిపోతాం. ఆ రోజు దానియేలు కొత్తగా తెచ్చుకోవలసిన ధైర్యం అంటూ ఏమీ లేదు, ఆయన నిన్న చేసిన పనినే చేశాడు.

నిలకడ అంటే ఎడతెగని శ్రమ అని నేను చెప్పడం లేదు, ఇక్కడ వాక్యం మనకన్నా దయగలది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఏ రోజుకారోజు, మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున కూర్చుకోవలసి వచ్చింది. మర్నాటికని దాచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం దేవుడు రెండింతలు కూర్చుకోమన్నాడు, ఏడో రోజు దాన్ని వెతుకుతూ పొలానికి వెళ్లవద్దన్నాడు. విశ్రాంతి కూడా ఆ క్రమంలో భాగమే. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగినప్పుడు, దూత అతణ్ణి ముందు నిద్రపోనిచ్చి, రెండుసార్లు తట్టి లేపి భోజనం పెట్టాడు. దేవుడు అతనితో హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. నా ప్రార్థన తప్పిపోయిన రోజుల్లో చాలావాటికి కారణం అవిశ్వాసం కాదు, ముందు రాత్రి ఫోన్ చూస్తూ గడిపిన రెండు గంటలు. అది తెలిశాక పశ్చాత్తాపం ఎక్కడ మొదలవ్వాలో కూడా తెలిసింది. ఫోన్‌ను రాత్రి వేరే గదిలో పెట్టి పడుకోవడం నేను చేసిన ఆత్మీయమైన నిర్ణయాల్లో ఒకటని నిజంగానే నమ్ముతున్నాను.

ఒక హెచ్చరిక కూడా రాయకపోతే ఇది అసంపూర్ణం. లూకా పద్దెనిమిదో అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గంవాడు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు, సంపాదన అంతటిలో పదో వంతు ఇచ్చేవాడు. నిలకడలో అతనికి వంక పెట్టలేం. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతను కాదు, రొమ్ము కొట్టుకుంటూ కరుణించమని వేడిన సుంకరి, అంటే పన్ను వసూలుదారు. కాబట్టి రోజులు లెక్కపెట్టుకుని ఇతరులతో పోల్చుకునే నిలకడ నాకు వద్దు. నేను తప్పని రోజులు ఎన్నో ఇప్పుడు నా దగ్గర లెక్క లేదు, ఉంచుకోను కూడా.

సుదీర్ఘమైన నిలకడ ఎలా ఉంటుందో చూడాలనిపించినప్పుడు ఇంగ్లండు మిషనరీ, బైబిలు అనువాదకుడు విలియం కేరీ గుర్తొస్తాడు. ఆయన 1793లో బెంగాలుకు వచ్చాడు. తొలి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరులో, అంటే ఏడేళ్ల తర్వాత. 1812 మార్చి 11 రాత్రి శ్రీరాంపూర్‌లోని ముద్రణాలయం కాలిపోయి, ఏళ్ల తరబడి రాసిన అనువాదాలు, బహుభాషా నిఘంటువు రాతప్రతులు బూడిదయ్యాయి. ఆయన కూర్చుని అనువాదాలను మళ్లీ రాశాడు. ఆ రాతప్రతులు మళ్లీ ఏ రోజున ఎంత పెరిగాయో ఎవరికీ గుర్తుండదు. రోజుకు కొన్ని పుటలు, అంతే.

నా జీవితంలో మారినవి చెప్పుకోదగినంత పెద్దవి కావు. ఏడాది ప్రణాళిక కాగితాన్ని వదిలేశాను. రిబ్బను ఎక్కడ ఉంటే అక్కడి నుంచి చదువుతాను, తప్పిన రోజుది ఆ రోజుతోనే పోతుంది. ఈ పద్ధతిలో బైబిలు పూర్తిచేయడానికి నాకు రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది, అదే నా మొదటి పూర్తి పఠనం. ప్రార్థన చేయమని ఎవరైనా అడిగితే, చేస్తానని మాట ఇచ్చే బదులు, వీలైనంతవరకు అక్కడే, వారితోనే, రెండు మాటలు ప్రార్థిస్తాను. ఇంట్లో విసుగు వచ్చినప్పుడు నోరు జారడం పూర్తిగా పోలేదు. కాని జారిన మాటకు అదే రోజు, పడుకునేలోగా, క్షమాపణ అడగడం అలవాటైంది. మొదట్లో ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయేవారు, ఇప్పుడు ఆశ్చర్యపోవడం మానేశారు.

ఉదయం ఆరున్నరకు నాన్నగారి మంచం పక్కన కూర్చుంటాను. ఒక కీర్తన పైకి చదువుతాను, చదువుతూనే ఆయన ఎడమచేతిని నా ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ తెరుస్తాను. మాట స్పష్టంగా రాకపోయినా, కీర్తన చివర ఆయన ఆమేన్ అంటారు, ఒక్కోసారి నేను తర్వాతి వేలికి వెళ్లిపోయాక అంటారు. కొన్ని ఉదయాలు నా మనసు వాక్యం మీద ఉండదు, పెదవులు మాత్రమే చదువుతాయి. ఆ రోజుల్లో కూడా వేళ్లు తెరుచుకుంటాయి. నాలుగు వేళ్లు ఇప్పుడు దాదాపు తిన్నగా చాపగలుగుతున్నారు, గత వారం ఆ చేత్తోనే దుప్పటి అంచు పట్టుకుని పైకి లాక్కున్నారు. చిటికెన వేలు మాత్రం ఇంకా సగమే తెరుచుకుంటోంది. రేపు ఉదయం 104వ కీర్తన, చిటికెన వేలు దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాలి.